మందు పడింది

పోయిన వారం నిర్మలను హిందూపురం షెడ్డులో రెండో ట్యాంకు పక్కన నిలబెట్టి వచ్చేశాం. చేతిలో తాళాల గుత్తి, బయట బెంగుళూరు కారు ఆగిన చప్పుడు. వారం రోజులూ ఆ పిల్ల అట్లాగే నిలబడి ఉందని జాలిపడకండి, కథలో గడిచింది అర నిమిషమే. ఈలోగా కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లకు రెండు మాటలు చెప్పాలి.

నిర్మలది ధర్మవరం. కెమిస్ట్రీలో బీయెస్సీ. ఒక ఏడాది మామిడి స్క్వాష్ చేసే చోట పనిచేసి, ఇప్పుడు రోజూ పొద్దున ప్యాసింజర్ రైలెక్కి, పెనుకొండ మీదుగా హిందూపురం వచ్చి, లక్ష్మీనారాయణ పెట్టిన చిన్న వైన్ షెడ్డులో ట్యాంకులు చూసుకుంటోంది. ఇంట్లో తల్లి రుక్మిణమ్మకు మాత్రం జ్యూసు ఫ్యాక్టరీ అని చెప్పింది. మన వైపు వైన్ అంటే వైన్స్ షాపు, వైన్స్ షాపులో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి. తాగుడుకు మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషికి ఆ తేడా విడమరిచి చెప్పే ధైర్యం కూతురికి లేకపోయింది. అబద్ధం ఆడటం ఆమెకు అక్కడ అలవాటైంది.

లక్ష్మీనారాయణ చేసేది తెల్ల వైను. ఆయన పద్ధతి వింటే స్క్వాష్ కంపెనీ వాళ్లు నవ్వుతారు. పండు పిండాలి, మూత పెట్టాలి, చేతులు కట్టుకుని కూర్చోవాలి. పొంగించడానికి పండు తోలు మీద బూడిదలా అంటుకుని ఉండే పొడే చాలు. చక్కెర వేయకూడదు, వడకట్టకూడదు, చెడిపోకుండా ఏ పొడీ కలపకూడదు. ఈ మాట మీదే ఆయన ఉన్న పొలం అమ్మి షెడ్డు కట్టాడు.

పండు పెనుకొండ దగ్గర అంజనప్ప తోటది. రెండెకరాల పందిరి. రకం పేరు శెనిన్. ఊళ్లోవాళ్లకు అది నోరు తిరగక 'శని ద్రాక్ష' అంటారు, అంజనప్పకు శని పట్టిందనీ అంటారు. ఆయన పట్టించుకోడు. ఆ తోటలో పదకొండేళ్లుగా మందు చుక్క పడలేదు. అంతకుముందు అక్కడ వేరే రకం ద్రాక్ష ఉన్నప్పుడు, భార్య హనుమంతమ్మ పందిరి కింద నిలబడి పైకి మందు కొడుతూ కొడుతూ ఒకరోజు వరుసలోనే పడిపోయింది. బతికింది గాని చేతుల్లో వణుకు మిగిలింది. నిండు గ్లాసు పట్టుకుంటే సగం చీర మీదే. సంగటి ముద్ద చేస్తే గుండ్రంగా రాదు. ఆ రోజు నుంచి అంజనప్ప మళ్లీ పంపు ముట్టలేదు.

ఇక అసలు సంగతి. మార్చి నెలలో లక్ష్మీనారాయణ వాళ్లమ్మ కంటి ఆపరేషన్‌కు పది రోజులు బెంగుళూరులో ఉన్నాడు. ఎండాకాలం, పూటకు మూడు గంటలు కరెంటు కోత. రెండో ట్యాంకు వేడెక్కి, కుళ్లిన గుడ్డు వాసన మొదలెట్టింది. ఫోను చేస్తే "దాని మానాన దాన్ని వదిలెయ్యమ్మా, అదే తేరుకుంటుంది" అన్నాడాయన. నిర్మల మూడు రోజులు ఓర్చుకుంది. నాలుగోరోజు స్క్వాష్ రోజుల నాటి అలవాటు చేతిని లాగింది. చెడిపోకుండా సీసాల్లో వేసే తెల్ల పొడి, కేఎంఎస్ అంటారు, తెచ్చి కలిపింది. మర్నాడు చాలలేదేమోనని ఇంకొంచెం. రిజిస్టరులో ఆ తేదీకి ఎదురుగా 'ఏమీ కలపలేదు' అని రాసింది.

ట్యాంకు నెమ్మదించింది. ఊరి నుంచి వచ్చిన లక్ష్మీనారాయణ గ్లాసు వెలుతురుకు పెట్టి చూసి, "చూసినావా, చెప్పలే? తనంతట తానే తేరుకుండాది!" అని చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. నిర్మల నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్లు ముడుచుకుపోతుంది.

అదీ కథ. ఇప్పుడు జూన్ నెల, రెండువేల ఏడు. షెడ్డు తలుపు తెరుచుకుంది.

* * *

నీలావతి పుట్టింది మడకశిర, స్థిరపడింది బెంగుళూరు. పెద్ద హోటళ్లకు ఏ వైను కొనాలో చెప్పడం ఆమె ఉద్యోగం. యాభై ఏళ్ల మనిషి, నూలు చీర, చేతిలో టవల్లో చుట్టిన సొంత గ్లాసు. ఇంకొకరి గ్లాసులో సబ్బు వాసన ఉంటుందట. అది విని లేపాక్షి నుంచి వచ్చిన ఇద్దరు రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బేరం కుదిరితే వాళ్లు కూడా శెనిన్ నాటుతారని లక్ష్మీనారాయణ వాళ్లను పిలిపించాడు.

అంజనప్ప ఒక మూలగా నిలబడ్డాడు. ఉతికిన పంచె, తలకు కొత్త తువ్వాలు. వచ్చీ రాగానే నిర్మల చేతిలో ఒక స్టీలు డబ్బా పెట్టాడు. "మీ అత్త ఊరిబిండి పంపించింది పాపా. నిన్నంతా కూర్చోని నూరింది. నేను నూరతాలే అంటే ఇనలే." రెండేళ్ల నుంచి శనివారం శనివారం వచ్చే డబ్బానే అది. నిర్మల ఆయన్ను మామా అనీ, హనుమంతమ్మను అత్తా అనీ పిలుస్తుంది. చుట్టరికం లేదు, వేరుశెనగ పచ్చడి కలిపిన వరస.

మొదట ఒకటో ట్యాంకు. దానికి ఎవరి చెయ్యీ తగల్లేదు. గ్లాసులోకి దిగిన వైను తేటగా లేదు. పలచటి బంగారు రంగు మీద పల్చగా కలక.

"వడకట్టలేదు గదా?" అంది నీలావతి.

"లేదమ్మా."

"మంచి పని చేసినారు."

గ్లాసును చేతిలో తిప్పింది. ముక్కు దాంట్లోకి దాదాపు దించేసింది. ఒక గుక్క తీసుకుని, నోట్లో అటూ ఇటూ పుక్కిలించి ఉమ్మేసి, కళ్లు మూసుకుంది. లేపాక్షి రైతు ఒకాయన దగ్గబోయి ఆపుకున్నాడు.

"దోరజాంకాయ తోలు ఉంటాది చూడండి, ఆ వాసన వస్తాండాది," అందామె కళ్లు తెరవకుండానే. "పులుపు చింతచిగురు మాదిరి. చురుక్కుమని పోతాది, నోరు గుంజుకోదు. చివర్లో ఉప్పు తగుల్తాది, రాయి నాకినట్ల. ఇదేదీ ఎవరూ వేసింది కాదు. నేలది. చానా చెన్నాగుండాది లక్ష్మీనారాయణగారూ."

తరువాత అంజనప్ప వైపు తిరిగింది. "పండు నీదేనాప్పా? నువ్వూ చూడు."

"నేను తాగను తల్లీ."

"తాగొద్దులే. నోట్లో పోసుకోని రుచి చూసి ఉమ్మేయి. మేమందరం అట్లే చేస్తాం."

అంజనప్ప గ్లాసు తీసుకున్నాడు. ఉమ్మడానికి పెట్టిన ప్లాస్టిక్ బకెట్టు వైపు చూశాడు. "నా తోట పండు యట్ల ఉమ్మేది?" అని, తీర్థం పుచ్చుకున్నట్టు కొంచెం నోట్లో పోసుకుని మింగేశాడు.

తువ్వాలు కొసతో మీసం తుడుచుకున్నాడు. "మాయమ్మ పొద్దుగూకితే కుండలో రాగంబలి పెడతాండె. తెల్లారేతలికి పైన తేట తేరుకునేది. పొలానికి పోయేముందు ఆ తేట తాగేవాళ్లం. అదే ఇది," అన్నాడు. "మెరకన గరుసు నేల ఉండాది గదా నిర్మలా, రాళ్లేరలేక సచ్చేవాళ్లం. ఆ వరుసల పండు ఇది. నాకు తెలస్తాండాది."

ఆయన చెప్పింది నిజమే. ఒకటో ట్యాంకులో పోసింది మెరక పండే. బీయెస్సీ చదివిన నిర్మలకు రిజిస్టరు చూస్తే గాని తెలియనిది, జన్మలో వైను ముట్టని ఆ మనిషికి ఒక్క గుక్కలో తెలిసింది. ఆయన మొహంలో అప్పుడు కనిపించిన వెలుగు చూసి నిర్మలకు సంతోషం వేయాలి. వేయలేదు. రెండో ట్యాంకు కుళాయి ఆమె వీపుకు తగులుతోంది.

"ఇంగ రెండోది పోయమ్మా," అన్నాడు లక్ష్మీనారాయణ హుషారుగా. "ఇది ఇంకా తేట. తనంతట తానే తేరుకునింది."

నిర్మల పట్టి ఇచ్చింది. అద్దంలా ఉంది వైను, లేపాక్షి రైతులకు అదే నచ్చింది. "ఇది చూడు, నీళ్ల మాదిరి ఉండాది" అన్నాడు ఒకాయన.

నీలావతి ముక్కు దగ్గర పెట్టుకుంది. వెంటనే వెనక్కి తీసింది. మళ్లీ పెట్టుకుని చూసింది. నోట్లో పోసుకుంది, బకెట్టులో ఉమ్మేసింది.

"అగ్గిపుల్ల గీసినట్లుండాది," అంది. గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "దీనికి మందు పడింది."

అంతలో ఆమె ఫోను మోగింది. షెడ్డులో సిగ్నల్ రాదు. "ఒక్క నిమిషం" అంటూ బయటికి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ ఆ మాటను లోపల వదిలిపెట్టింది.

మన భాషలో మందంత చాకిరీ చేసే మాట ఇంకొకటి లేదు. జ్వరానికి వేసుకునేది మందు. పురుగుకు కొట్టేది మందు. సందేళకు మొగవాళ్లు కొట్టేది కూడా మందే. 'మందు కొట్టకుండా మందు చేస్తారంట' అని నాలుగేళ్లుగా ఊరంతా అంజనప్పను ఆటపట్టించింది ఈ మాటతోనే. నీలావతి అన్న మందు ట్యాంకులో పడ్డ తెల్ల పొడి. ఆ సంగతి షెడ్డులో ఒక్క నిర్మలకే అర్థమైంది. మిగతా నలుగురు మొగవాళ్లూ సేద్యం తెలిసినవాళ్లు. సేద్యం తెలిసినవాడికి మందు అంటే పంపే.

లక్ష్మీనారాయణ మెల్లగా అటు తిరిగాడు. "ఏమప్పా అంజనప్పా. తోటకు మందు కొట్టినావా?"

అంజనప్పకు మొదట ప్రశ్న అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వబోయాడు. ఎవరూ నవ్వడం లేదని చూసి ఆగాడు. "నేనా? యేమి సామీ నువ్వు అనేది?"

"మందు లేకుండా ద్రాక్ష యాడ పండుతాదిలేప్పా," అన్నాడు లేపాక్షి రైతు, తప్పు కాదులే అన్నట్టు. "అందురూ కొడతాం. ఈయప్ప చెప్పుకోడు, అంతే."

"నా హనుమంతమ్మ చేతుల మీద ఒట్టు. పదకొండేండ్లాయె, నేను పంపు ఎత్తలే!"

ఒట్లు వినీ వినీ విసిగిపోయినవాళ్లలా ఆ ఇద్దరూ నేల చూశారు. లక్ష్మీనారాయణ మంచివాడే. కాని ఆస్తంతా ఒక మాట మీద పెట్టినవాడు ఆ మాట జారుతుంటే మంచితనం కూడా మరిచిపోతాడు. "మరి ఆమె ముక్కు అబద్ధం చెప్తాదాప్పా? ఆమెకు నీ మీద పగా?" అని గొంతు పెంచాడు. "నిర్మలా, రెండో ట్యాంకు పండు ఏ పక్కది?"

"తూర్పు పక్క సార్."

చెప్పింది నిజమే. అబద్ధం కంటే ఎక్కువ పాపం చేసే నిజం. తూర్పు గట్టుకు అవతల టమోటా తోట ఉంది. అక్కడ వారానికి రెండుసార్లు మందు కొడతారు. పంపు అడిగితే ఇవ్వకపోరు. మొగవాళ్లు ముగ్గురూ అదే లెక్క వేసుకోవడం ఆమెకు వాళ్ల మొహాల్లో కనిపించింది.

అంజనప్పకు కూడా కనిపించింది. ఆయన వాళ్లను వదిలేసి నిర్మల దగ్గరికి వచ్చాడు.

"పాపా, నువ్వు చదువుకున్నదానివి. బుట్టలు దించుకునింది నువ్వే. పండు వాసన చూసింది నువ్వే. నువ్వు చెప్పు. నా పండుకు మందు వాసన ఉండెనా?"

ఒక్క మాట చాలు. లేదు మామా. ఆ మందు నేను వేసింది. అంతే. నాలుక మీదికి వచ్చింది కూడా. వచ్చి, లక్ష్మీనారాయణ మొహం చూసి, ఉద్యోగాన్ని చూసి, బీయెస్సీ చదివిన దొంగ అని ఈ నలుగురూ అనుకోవడాన్ని ఊహించి, వెనక్కి మళ్లింది.

"నాకు... సరిగ్గా గుర్తు లేదు మామా," అంది నిర్మల.

అంజనప్ప ఆమెను కాసేపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేది. తలకు చుట్టుకున్న కొత్త తువ్వాలు విప్పి భుజాన వేసుకుని, బయటికి నడిచాడు. నీలావతి ఫోను ముగించుకుని లోపలికి వచ్చేసరికి బస్టాండు దారి పట్టాడు.

"మాటొకటి, చేసేదొకటి అయితే నాకు వద్దండీ," అంది నీలావతి, ఎవరిని అంటున్నదో చెప్పకుండా. "ఒకటో ట్యాంకు నన్ను కట్టిపడేసింది. అందుకే ఈ పొద్దు ఈడే ఉంటాను. రేపు పదకొండు గంటలకు బయలుదేరతా. ఆలోపల నిజం చెప్తే సరి. లేదంటే ఆ మంచి ట్యాంకు కూడా నాకు అక్కరలేదు."

* * *

సాయంత్రం రైలు పెనుకొండలో రెండు నిమిషాలు ఆగింది. నిర్మల కిటికీ పక్కన కూర్చుని ఉంది. దిగాలనుకుంది. కొండ మీద కోట గోడలు చూస్తూ కూర్చుంది. రైలు కదిలింది.

ఇంట్లో రుక్మిణమ్మ పట్టు దారం చుడుతూ, కూతురి సంచిలో డబ్బా చూసి మూత తీసింది. వేడన్నంలో కలుపుకుని రెండు ముద్దలు తిని, "ఎవురు నూరినారో గాని మే, ఆయమ్మ చెయ్యి మంచిది. నువ్వూ తిను," అంది. నిర్మల కంచం ముందు నుంచి లేచిపోయింది. ఆ చేతుల మీదే కదా ఈ రోజు ఒట్టు పడింది. ఆ ఒట్టు అబద్ధమని నలుగురు నమ్ముతుంటే తాను ట్యాంకుకు ఆనుకుని నిలబడింది. పెరట్లో నీళ్ల తొట్టి దగ్గర మొహం కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. ఆమెకు తన మొహం ఎవరికీ చూపించాలనిపించలేదు, గోడ మీద అద్దానికి కూడా.

"జ్యూసు ఫ్యాక్టరీలో ఎవురన్నా ఏమన్నా అనినారా?" అని తల్లి లోపలి నుంచి అడిగింది.

"లేదమ్మా," అంది. ఆ రోజుకు అది ఎన్నో అబద్ధమో ఆమెకే లెక్క తెలియదు.

మర్నాడు పొద్దున ప్యాసింజర్ పెనుకొండలో ఆగగానే నిర్మల దిగిపోయింది. ఆటో ఊరి మొదట్లో దింపింది. అక్కడి నుంచి తోటకు పావుగంట నడక. నడుస్తూ చెప్పవలసిన మాటలు వరుసగా పేర్చుకుంది. కరెంటు కోత, వేడి, గుడ్డు వాసన, సార్ ఊళ్లో లేకపోవడం. మాటలన్నీ బాగానే కుదిరాయి. ఏ మాట చివర చూసినా తన తప్పు కాస్త తక్కువ అవుతోంది. తోట కంచె దగ్గరికి వచ్చేసరికి ముక్కుకు ఒక వాసన తగిలింది. పేర్చుకున్న మాటలన్నీ పోయాయి.

మందు వాసన. ఈ సారి నిజమైనది.

పందిరి మొదట్లో నీలం డ్రమ్ము. డ్రమ్ము పక్కన కొత్తగా మూత తీసిన సీసా. అంజనప్ప వీపున పంపు తగిలించుకుని, మందు చిమ్మే గన్ను చేతబట్టుకుని మొదటి వరుస కింద నిలబడి ఉన్నాడు. గట్టు మీద హనుమంతమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి మానేసిన మొహం.

"మామా! ఏం చేస్తాండావు?"

"కనపడలేదా పాపా? మందు కొడతాండా," అన్నాడు అంజనప్ప. "కొట్టకుండానే పేరొచ్చింది గదా. పదకొండేండ్లు శని పట్టినోడు, పిచ్చోడు అనిపించుకుంటి. నిన్న దొంగ కూడా అనిపించుకుంటి. ఇంగ పేరుకు తగ్గ పని చేయొద్దా?"

"చెప్పమ్మా, నువ్వన్నా చెప్పు," అంది హనుమంతమ్మ గట్టు మీద నుంచి. "నా మాట ఇనలే. టమోటా తోటోళ్ల పంపు అడుక్కోని వచ్చినాడు."

అంజనప్ప గన్ను పైకెత్తాడు. నిర్మల పరుగెత్తి రెండు చేతులతో గన్ను పట్టుకుంది. ఆయన లాగాడు. ఆమె వదలలేదు.

"ఆ మందు నీది కాదు మామా! నాది! నేను వేసినా!"

అంజనప్ప చెయ్యి ఆగింది.

"ట్యాంకులో వేసినా. తెల్ల పొడి. మార్చిలో సార్ ఊర్లో లేనప్పుడు. సార్ వద్దన్నా కూడా వేసినా. ఆయమ్మ చెప్పింది ఆ పొడి గురించే. నీ తోట గురించి కాదు. నాకు ఆ నిమిషమే తెలుసు. నువ్వు అడిగినప్పుడు కూడా తెలుసు." కరెంటు కోత గుర్తొచ్చింది. చెప్పలేదు. "తెలిసీ గుర్తులేదన్నా."

టమోటా తోటలో ఎవరో ఎవరినో కేకేశారు. హనుమంతమ్మ మెల్లగా లేచి, గట్టు దిగి వచ్చింది.

"నిన్ననే చెప్పింటే ఏమైతాండె పాపా?"

"సిగ్గేసింది అత్తా."

"సిగ్గా," అంది హనుమంతమ్మ. "నా చేతుల మీద ఒట్టేసినాడంట గదా ఈయన. నువ్వు ఇనినావా?"

"ఇన్నా."

"బిండి తిన్నావా?"

నిర్మల తల అడ్డంగా ఊపింది. ఏడుపు అప్పుడు వచ్చింది, ఆపుకోలేనంత. తిట్టినా, చెంప మీద కొట్టినా ఇంత నొచ్చేది కాదు. భూమి చీలితే పోదామనుకునేవాళ్లను చూసి ఎప్పుడో నవ్వింది ఆమె. ఇప్పుడు అది నవ్వే మాట కాదని తెలిసింది.

అంజనప్ప గన్ను కిందికి దించాడు. పంపు మాత్రం దించలేదు. ఆయన గొంతు ఎప్పటి కంటే మెత్తగా ఉంది. "ఏడవొద్దు. తప్పు ఎవురైనా చేస్తారు. అయితే ఒకటి పాపా. ఆడ నలుగురి ముందర నన్ను అనినారు. ఈడ పందిరి కింద నాకొక్కనికి చెప్తే యట్ల సరిపోతాది? నాకు తెలీనిదా నేను కొట్టలేదని?"

"చెప్తా మామా. ఇప్పుడే పోతా. పదకొండు లోపల—"

"పో. పోయి ఆ నలుగురినీ పిల్చుకోని రా. ఈ పంపులో పదహారు లీటర్లుండాది. నువ్వొచ్చి వాళ్ల ముందర ఆ మాట చెప్పేవరకు ఈ బరువు దించను. నువ్వు రాకపోతే ఇదేం చేయాల్నో నాకు తెలుసు."

"వయసేమన్నా తక్కువా నీకు, దించు!" అంది హనుమంతమ్మ. ఆయన కదల్లేదు. ఆమె వెనక్కి వెళ్లి, వణుకుతున్న రెండు చేతులూ పంపు అడుగున పెట్టి ఎత్తి పట్టుకుంది. లోపల మందు తొణికింది.

నిర్మల కళ్లు తుడుచుకుని దారి మీదికి పరుగెత్తబోయింది. పరుగెత్తవలసిన పని పడలేదు. దుమ్ము లేపుకుంటూ లక్ష్మీనారాయణ జీపు కంచె దగ్గరికి వచ్చి ఆగింది. ముందు సీటులో నీలావతి. వెనక లేపాక్షి రైతులిద్దరూ. షెడ్డులో ఎవరూ ఏమీ కలపలేదని లక్ష్మీనారాయణ గట్టిగా చెప్పడంతో, తోట కళ్లారా చూసి తేల్చుకుందామని నలుగురూ కలిసే వచ్చారు.

వాళ్లకు కనిపించింది ఇది. నీలం డ్రమ్ము. మూత తీసిన సీసా. వీపున పంపుతో అంజనప్ప.

"చూసినావా సార్," అన్నాడు లేపాక్షి రైతు జీపు దిగకుండానే. "నేను చెప్పలే?"

నీలావతి తోట వైపు ఒక్కసారి చూసి, మొహం తిప్పుకుంది. "బండి తిప్పండి," అంది.

అంజనప్ప నిర్మల వైపు చూస్తూ నిలబడ్డాడు. నిర్మల జీపు ముందరికి వెళ్లి, బానెట్ మీద రెండు చేతులూ ఆనించింది. "సార్, ఆగండి. ఈయన ఏమీ చేయలేదు. ట్యాంకులో పొడి వేసింది నేను."

లక్ష్మీనారాయణ ఆమెను జాలిగా చూశాడు. జీపు దిగి, సీటు మీద నుంచి ఒక పుస్తకం తీసి తెరిచాడు. షెడ్డు రిజిస్టరు. మార్చి పేజీ.

"నువ్వు మంచిదానివమ్మా. ముసలోళ్ల మీద జాలితో నెత్తిన వేసుకుంటాండావు. నేను రాత్రే చూసినా. ఇదిగో, 'ఏమీ కలపలేదు'. నీ రాతే, నీ సంతకమే. రెండేళ్లలో ఒక్క తప్పు రాయలేదు నువ్వు. నీ రాతను నమ్మకుండా ఇంక దేన్ని నమ్మేది నేను?"